స్టడ్ ఫైండర్ లేకుండా గోడలో చెక్క ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

గోడకి ఏదైనా తగిలించాలంటే ఊళ్లో మనకి తెలిసిన పద్ధతి ఒకటే. ఇటుక గోడ, డ్రిల్లుతో బెజ్జం వేసి ప్లగ్గు దించి స్క్రూ బిగిస్తే ఏళ్ల తరబడి కదలదు, ఎక్కడ వేసినా గోడ గోడే. అమెరికా ఇళ్లలో అదే అలవాటుతో డ్రిల్లు పట్టుకుంటే చిక్కు వస్తుంది. ఇక్కడ పైకి కనిపించే గోడ అరంగుళం మందం ఉన్న డ్రైవాల్ షీటు, అంటే రెండు కాగితాల మధ్య పోసిన జిప్సం, అంతే. దాని వెనక ఖాళీ. బరువు మోసేవి ఆ ఖాళీలో నిలువుగా నిలబెట్టిన చెక్కలు, వాటినే స్టడ్స్ అంటారు. టీవీ అయినా, దేవుడి మందిరం అయినా, పుస్తకాల అల్మరా అయినా స్క్రూ ఆ చెక్కలోకే దిగాలి.

నేనిది తెలుసుకున్నది నష్టం జరిగాకే. టెక్సస్‌లో అద్దె ఇంట్లో ఉన్నప్పుడు పూజకి ఒక చెక్క షెల్ఫు కొని, నాలుగు ప్లాస్టిక్ యాంకర్లు, అంటే డ్రైవాల్‌లో స్క్రూ పట్టుకోవడానికి గుచ్చే ప్లగ్గులు, పెట్టి గోడకి బిగించాను. ఐదు నెలలు బాగానే ఉంది. ఒకరోజు తెల్లవారుజామున పెద్ద చప్పుడైతే లేచి చూశాం: షెల్ఫు కింద పడి ఉంది, ఇత్తడి దీపపు కుందులు చెల్లాచెదురుగా ఉన్నాయి, అమ్మ ఊరి నుంచి తెచ్చిన లక్ష్మీదేవి విగ్రహం మా పాప ఆడుకునే చాప మీద పడి ఉంది. పాప అప్పుడు నిద్రలో ఉంది కాబట్టి సరిపోయింది. గోడలో నాలుగు గుంతలు, యాంకర్ల చుట్టూ అంటుకుని వచ్చిన తెల్లటి పిండి, అది ఇప్పటికీ కళ్లముందు కదులుతుంది. యాంకర్ ప్యాకెట్ మీద రాసిన పౌండ్ల లెక్క నేను చదివాను, నా షెల్ఫు అంత బరువు లేదు కూడా. కానీ ఆ లెక్క కిందికి లాగే బరువుకి. ముందుకు పొడుచుకొచ్చిన షెల్ఫు పై స్క్రూలని గోడలోంచి బయటికి పెరుకుతుంది, జిప్సం ఆ లాగుడుకి ఆగదు.

స్టడ్ ఫైండర్ అనే పరికరం షాపులో దొరుకుతుంది, కొనుక్కోవచ్చు. కానీ అది ఒక్కటే చూపించిన చోటుని నమ్మి డ్రిల్లు దించిన వాళ్లు చాలామంది మళ్లీ బెజ్జాలు పూడ్చుకున్నారు. ఇంట్లో ఉన్న వస్తువులతోనే ఇంకా గట్టిగా తేల్చుకోవచ్చు. షరతు ఒక్కటే, ఏ ఒక్క గుర్తునీ ఒంటరిగా నమ్మొద్దు, మూడు వేర్వేరు గుర్తులు ఒకే చోట కలిశాకే డ్రిల్లు పట్టండి.

ముందు గోడ లోపల ఏముందో కాస్త ఊహించుకోండి

కళ్లు మూసుకుని గోడ వెనక్కి చూడగలిగితే సగం పని అయిపోయినట్టే. స్టడ్ అంటే మామూలుగా టూ బై ఫోర్ చెక్క. పేరుకి 2, 4 అంగుళాలే గానీ నిజంగా కొలిస్తే ఒకటిన్నర అంగుళం వెడల్పు, మూడున్నర అంగుళాల లోతు ఉంటుంది. మీ వైపు ఉండేది ఆ ఒకటిన్నర అంగుళం, అంటే రెండు వేళ్లు పక్కపక్కన పెట్టినంత. మీ గురి అంత సన్నటి దాని మధ్యకి వెళ్లాలి. ఒక స్టడ్ మధ్య నుంచి పక్క స్టడ్ మధ్యకి చాలా ఇళ్లలో 16 అంగుళాలు, అంటే రెండు జానలకి కాస్త తక్కువ. కొన్ని ఇళ్లలో, ముఖ్యంగా బయటి గోడల్లో, 24 అంగుళాలు కూడా ఉంటుంది. ఈ అంకెలు ఊరికే పెట్టినవి కావు: డ్రైవాల్ షీటు 4 అడుగుల వెడల్పు, 8 లేదా 12 అడుగుల పొడవు వస్తుంది, 48 అంగుళాలని 16తో భాగించినా 24తో భాగించినా సరిగ్గా పోతుంది కాబట్టి షీటు అంచు ఎప్పుడూ ఒక చెక్క మీదకి వచ్చి కూర్చుంటుంది. మీ కొలత టేపు తీసి చూడండి, చాలా టేపుల్లో 16, 32, 48 దగ్గర అంకె ఎర్రగానో వేరే రంగులోనో ఉంటుంది. అది ఇందుకే.

ఆ షీటుని చెక్కకి స్క్రూలతో బిగించి, స్క్రూ తలల మీద మడ్డు అనే పేస్టు పూసి, రుద్ది, పెయింట్ వేస్తారు. కంటికి కనిపించదు గానీ ఇనుము అక్కడే ఉంది. మన పనంతా ఆ ఇనుముని పట్టుకోవడమే.

కావలసినవి: ఒక గట్టి మ్యాగ్నెట్, కొలత టేపు, పెన్సిల్, నీలం రంగు పెయింటర్స్ టేపు, ఫోన్‌లో టార్చి, ఒక సన్నటి మేకు. ఫ్రిజ్ మీద అంటించే పల్చటి రబ్బరు మ్యాగ్నెట్లు పనికిరావు, వాటికి ఆ శక్తి లేదు. ఆఫీసు నేమ్ బ్యాడ్జీ వెనక ఉండే చిన్న మ్యాగ్నెట్ చాలా బాగా పనిచేస్తుంది. పాత హార్డ్ డిస్కులోది ఉంటే ఇంకా మంచిది. గోడకి గీతలు పడకుండా దాన్ని ఒక పల్చటి సాక్సులో వేసుకోండి.

మొదటి పని: ప్లగ్ పాయింట్ నుంచి మొదలుపెట్టండి

ఇల్లు కట్టేటప్పుడే పెట్టిన ప్లగ్ పాయింట్ డబ్బాని ఒక స్టడ్ పక్కకి మేకులతో కొడతారు. కాబట్టి ప్రతి ప్లగ్ పాయింట్‌కి ఎడమనో కుడినో ఒక చెక్క ఆనుకుని ఉంటుంది. ఏ పక్కన అనేది వేలి కణుపుతో తట్టి చూస్తే తెలుస్తుంది. పుచ్చకాయ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, చెవి అలాగే పెట్టాలి. చెక్క లేని చోట గుల్లగా, డబడబ మంటుంది. చెక్క ఉన్న చోట చప్పుడు పొట్టిగా, గట్టిగా వస్తుంది, వేలికి కూడా తేడా తగులుతుంది. ఒక చోట తట్టి తేల్చుకోవాలని చూడకండి, ఒక అడుగు దూరం నుంచి మెల్లగా తట్టుకుంటూ పాయింట్ వైపు రండి, మారే చోటే ముఖ్యం.

తట్టి తేలకపోతే, బ్రేకర్ ఆపేసి, ఆ పాయింట్‌లో చార్జరో ల్యాంపో పెట్టి కరెంటు నిజంగా పోయిందని చూసుకున్నాక మూత ప్లేటు విప్పండి. డబ్బాకీ డ్రైవాల్‌కీ మధ్య చిన్న సందు ఉంటుంది. అందులోకి ఒక విజిటింగ్ కార్డు ముక్క దూర్చండి. ఒక పక్క హాయిగా లోపలికి పోతుంది, ఇంకో పక్క అడ్డం తగులుతుంది. అడ్డం తగిలిన పక్కే చెక్క. లోహపు వస్తువేదీ దూర్చొద్దు, బ్రేకర్ ఆపామన్న ధీమాతో కూడా వద్దు. చెక్క పక్క డబ్బా అంచు నుంచి ముప్పావు అంగుళం కొలిస్తే స్టడ్ మధ్యకి వస్తారు.

ఇందులో రెండు మోసాలున్నాయి. ఒకటి, ఇల్లు కట్టాక తర్వాతెప్పుడో కొత్తగా పెట్టించిన పాయింట్ డబ్బా డ్రైవాల్‌నే పట్టుకుని వేలాడుతుంది, దాని పక్కన చెక్క ఉండకపోవచ్చు. రెండోది, తలుపు పక్కన ఉండే లైట్ స్విచ్చి. తలుపుకీ కిటికీకీ రెండు పక్కలా జంట చెక్కలు నిలబెడతారు, అవి తలుపు ఎక్కడుంటే అక్కడే ఉంటాయి గానీ 16 లెక్కలో ఉండవు. కాబట్టి తలుపు పక్క స్విచ్చి నుంచి 16 లెక్కపెడితే తప్పుతుంది. గోడ మధ్యలో కింద ఉండే ప్లగ్ పాయింట్‌నే నమ్ముకోండి.

రెండో పని: మ్యాగ్నెట్

నా వరకు అసలైన పద్ధతి ఇదే, ఓపిక పెట్టాల్సిందీ ఇక్కడే. చాలామంది మ్యాగ్నెట్‌ని గోడ మీద ఎక్కడపడితే అక్కడ అటూ ఇటూ తిప్పి, ఏమీ అంటుకోలేదని వదిలేస్తారు. స్క్రూ తల పావు అంగుళం కంటే కాస్త పెద్దది, ఒకే చెక్క మీద రెండు స్క్రూల మధ్య అడుగు పైనే దూరం ఉండొచ్చు, ఊరికే తిప్పితే ఎలా దొరుకుతుంది?

ఎక్కడ వెతకాలో చెప్తాను. 8 అడుగుల ఎత్తు గోడకి షీట్లని మామూలుగా అడ్డంగా, ఒకదాని మీద ఒకటి పెడతారు. రెండు షీట్లు కలిసే అతుకు దాదాపు నేల నుంచి 4 అడుగుల ఎత్తులో వస్తుంది. అతుకు దగ్గర రెండు షీట్ల అంచులూ బిగించాలి కాబట్టి ప్రతి స్టడ్ మీద అక్కడ రెండు స్క్రూలుంటాయి, అతుక్కి పైన ఒకటి, కింద ఒకటి. అంటే ఆ ఎత్తులో ఇనుము ఎక్కువ. 9 అడుగుల గోడ అయితే వెడల్పు షీట్లు వాడతారు, అప్పుడు అతుకు 54 అంగుళాల దగ్గర రావచ్చు. నేల నుంచి 48 కొలిచి పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకుని, ఆ గీతకి మూడంగుళాలు పైనా కిందా ఉండే పట్టీలో మ్యాగ్నెట్‌ని అలల్లా పైకీ కిందికీ జరుపుతూ పక్కకి వెళ్లండి. చాలా మెల్లగా. గోడకి నొక్కి పట్టకండి, రెండు వేళ్లతో వదులుగా పట్టుకుంటే స్క్రూ దగ్గరికి రాగానే మ్యాగ్నెట్ చిన్నగా అటు లాగుతుంది. ఆ లాగుడు మొదటిసారి తగిలినప్పుడు మీకే తెలుస్తుంది. మ్యాగ్నెట్‌కి దారం కట్టి గోడకి ఆనీ ఆననట్టు వేలాడదీసి జరిపినా సరే, స్క్రూ ఎదురుకి రాగానే గోడ వైపు తిరుగుతుంది.

ఒకటి దొరకగానే సంబరపడి అక్కడే డ్రిల్లు పెట్టొద్దు. చిన్న టేపు ముక్క అంటించి, అదే నిలువు గీతలో పైకి, కిందికి వెతకండి. అదే వరసలో ఇంకో రెండు దొరికితే అది స్టడ్. పక్కన ఇంకేమీ లేకుండా ఒక్కటే ఉంటే ఎవరో పాతరోజుల్లో ఫొటోకి కొట్టిన మేకు తల మీద పెయింట్ వేసి ఉండొచ్చు.

మ్యాగ్నెట్ అరచేయంత వెడల్పులో ఎక్కడ పెట్టినా గట్టిగా అంటుకుపోతుంటే వెంటనే ఆగిపోండి. కరెంటు వైరో పైపో చెక్క అంచుకి దగ్గరగా వెళ్తుంటే, ఎవరూ మేకు కొట్టకుండా దాని ముందు ఉక్కు ప్లేటు కొడతారు. మీకు తగిలింది ఆ ప్లేటే కావచ్చు. అక్కడ డ్రిల్లు అస్సలు వద్దు. గది బయటి మూలల్లో పై నుంచి కింద దాకా అంటుకుంటే అది మూల నిలబడటానికి పెట్టిన లోహపు పట్టీ, చెక్క కాదు.

పైనుంచి కిందికి ఎక్కడా తెగకుండా ఒకే నిలువు గీతలో అంటుకుంటూ ఉంటే మీది లోహపు స్టడ్. పెద్ద అపార్ట్‌మెంట్ టవర్లలో, ఆఫీసుల్లో ఇదే ఉంటుంది, హైదరాబాద్‌లో జిప్సం బోర్డుతో కట్టే ఆఫీసు పార్టిషన్లలో కూడా లోపల ఇలాంటి జీఐ రేకు స్టడ్డే. పల్చటి రేకులో చెక్క స్క్రూ పట్టుకోదు. దానికి టాగుల్ బోల్టులు వేరే ఉంటాయి, టీవీ లాంటి బరువైతే తెలిసిన మనిషిని పిలవడమే మేలు.

మూడో పని: టార్చి

రాత్రి గదిలో లైట్లన్నీ ఆపి, ఫోన్ టార్చిని గోడకి దాదాపు ఆనించి పక్క నుంచి వేయండి. ఎదురుగా వేస్తే ఏమీ కనపడదు. పక్క నుంచి పడే వెలుతురులో పగలు కనపడని గుంటలూ బుడిపెలూ నీడలు వేస్తాయి, స్క్రూల మీద పూసిన మడ్డు గుండ్రటి మచ్చల్లా ఒక నిలువు వరసలో కనిపిస్తుంది. గోడకి గరుకు టెక్స్చర్ వేసి ఉంటే ఇది పనిచేయదు, టెక్సస్ ఇళ్లలో అది ఎక్కువ, అలాంటప్పుడు వదిలేయండి. నేల పక్కన ఉండే బేస్‌బోర్డులో పూడ్చిన మేకుల గుర్తులు కూడా చూడమంటారు గానీ, దాన్ని కింద అడ్డంగా ఉండే చెక్కకి కూడా కొడతారు కాబట్టి నేను దానికి పెద్ద విలువ ఇవ్వను.

నాలుగో పని: లెక్క సరిచూసుకోవడం

దొరికిన మొదటి స్టడ్ మధ్య నుంచి రెండు పక్కలా 16, 32 అంగుళాలు కొలిచి టేపు ముక్కలు అంటించండి. ప్రతి చోటా తట్టి చూడండి, మ్యాగ్నెట్ పెట్టి చూడండి. 16 దగ్గర ఏమీ లేకుండా 24 దగ్గర దొరికితే మీ గోడ 24 లెక్క. గది మూల నుంచి నేరుగా కొలవడం మీద మాత్రం ఆధారపడకండి, వడ్రంగి ఏ మూల నుంచి మొదలుపెట్టాడో మనకి తెలియదు, రెండో మూల దగ్గర మిగిలినంత మిగులుతుంది.

ఇక్కడికి ప్లగ్ పాయింట్, మ్యాగ్నెట్, కొలత మూడూ ఒకే గీత మీదకి వచ్చి ఉండాలి. ఒక్కటి తేడా కొట్టినా మళ్లీ చూడండి. అరగంట పోతే పోయింది.

ఐదో పని: సన్నటి మేకుతో తేల్చుకోండి

ఎన్ని గుర్తులున్నా చివరి మాట ఈ మేకుదే. టీవీనో షెల్ఫో వచ్చాక కనపడకుండా పోయే చోటు చూసుకుని, సన్నటి మేకుని మెల్లగా కొట్టండి, లేదా 1/16 అంగుళం బిట్‌తో బెజ్జం వేయండి. బిట్‌కి కొన నుంచి ఒక అంగుళం దగ్గర టేపు చుట్టుకోండి, అంతకంటే లోపలికి పోనివ్వకండి. ఇప్పటి నిబంధనల ప్రకారం కట్టిన ఇంట్లో వైరు స్టడ్ ముందు అంచుకి కనీసం ఒకటింపావు అంగుళం వెనక ఉండాలి, లేదంటే ముందు ఉక్కు ప్లేటు ఉండాలి. కాబట్టి అంగుళం లోతు వరకు వెతుక్కోవచ్చు. బాగా పాత ఇంట్లో ఆ హామీ లేదు, అక్కడ ఆ గది బ్రేకర్ ఆపేసి చేయండి.

మొదట అరంగుళం తెల్లటి పొడి వస్తుంది. ఆ తర్వాత బిట్ గట్టిగా అడ్డం తగిలి, లేత గోధుమ రంగు చెక్క పొట్టు చుట్టలు చుట్టలుగా బయటికి వస్తే చెక్క దొరికినట్టే. దగ్గరగా వాసన చూస్తే పచ్చి చెక్క వాసన కూడా వస్తుంది. తెల్లపొడి తర్వాత బిట్ ఒక్కసారిగా జారి లోపలికి పోతే వెనక ఖాళీ.

ఖాళీ తగిలిందనుకోండి, ఆ బెజ్జాన్నే వాడుకోండి. సన్నటి తీగ ఒకటి చివర రెండంగుళాలు వంచి, ఆ గది బ్రేకర్ ఆపేసి, బెజ్జంలో దూర్చి చుట్టూ తిప్పండి. చెక్క పక్కనే ఉంటే తీగ కొన దానికి తగులుతుంది, ఎటువైపు తగిలిందో అటు జరగండి.

చెక్క తగిలినా పని ఇంకా ఉంది. మీకు తగిలింది మధ్యో అంచో తెలియదు. అదే ఎత్తులో పక్కకి అరంగుళం చొప్పున జరుపుతూ ఇంకో రెండు మూడు సూది బెజ్జాలు వేసి, చెక్క రెండు అంచులూ ఎక్కడ అయిపోతున్నాయో చూసి, వాటి మధ్యలో గీత గీయండి. అంచున దిగిన పెద్ద స్క్రూ చెక్కని చీల్చేస్తుంది, చీలిన చెక్క పట్టు వదిలేస్తుంది. టీవీ స్టాండుతో వచ్చే పెద్ద బోల్టులకి ముందుగా సన్న బెజ్జం వేయాలి, సైజు వాళ్ల కాగితంలోనే ఉంటుంది, బెజ్జం వేయకుండా బలవంతంగా తిప్పినా చీలేది అదే చెక్క. ముందుకు లాగి తిప్పుకునే చేయి ఉన్న టీవీ స్టాండు అయితే రెండు స్టడ్స్ పట్టేదే తీసుకోండి, చేయి చాచినప్పుడు గోడ మీద లాగుడు చాలా పెరుగుతుంది.

మందిరం పెట్టాలనుకున్న చోట చెక్క లేకపోతే?

ఇది మన ఇళ్లలో తరచుగా వచ్చే ఇబ్బంది. ఈశాన్యం మూల అంటే ఈశాన్యం మూలే, స్టడ్ ఉన్న చోటికి దేవుణ్ణి జరపమంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన పనీ లేదు. దగ్గర్లో ఉన్న రెండు స్టడ్స్‌ని కలుపుతూ ముప్పావు అంగుళం మందం ఉన్న ఒక చెక్క పట్టీని అడ్డంగా బిగించండి, ప్రతి స్టడ్‌లోకీ రెండున్నర అంగుళాల పొడవున్న స్క్రూలు రెండేసి. గోడ రంగే దానికీ వేస్తే కనపడదు. ఇక మందిరాన్ని ఆ పట్టీ మీద ఎక్కడ కావాలంటే అక్కడికి జరిపి బిగించుకోవచ్చు. నా రెండో షెల్ఫు ఇలాగే పెట్టాను.

పిల్లలున్న ఇంట్లో బట్టల డ్రాయర్ల బీరువాని గోడకి కట్టే పట్టీ కూడా స్టడ్‌లోకే దిగాలి. పిల్లలు డ్రాయర్లు లాగి మెట్లలా ఎక్కుతారు, అది మీద పడుతుంది. అమెరికాలో 2023 సెప్టెంబర్ నుంచి కొత్తగా తయారయ్యే ఇలాంటి బీరువాలు తేలిగ్గా ఒరగకూడదని తప్పనిసరి నియమం వచ్చింది, కానీ మన ఇళ్లలో ఉన్నవి చాలావరకు అంతకు ముందువి, లేదా ఎవరో వెళ్లిపోతూ అమ్మినవి. టీవీ ఈ వారం కాకపోతే వచ్చే వారం పెట్టుకోవచ్చు, ఈ పని మాత్రం ఇవాళే చేయండి.

బారసాలకి పైకప్పు నుంచి ఉయ్యాల వేలాడదీయాలని అడిగేవాళ్లుంటారు. అది గోడ లెక్క కాదు. పైన చాలా ఇళ్లలో ఉండేవి ట్రస్సులు, అంటే కప్పుని మోసే చెక్క చట్రాలు, వాటి కింది చెక్కని ఒక్క చోట ఊగే బరువు వేలాడటానికి లెక్కకట్టి చేయరు. నేల మీద నిలబడే స్టాండు ఉయ్యాల తెచ్చుకోండి.

ఇంకొన్ని జాగ్రత్తలు: స్విచ్చికీ ప్లగ్ పాయింట్‌కీ నేరుగా పైనా కిందా డ్రిల్లు వద్దు, వైరు మామూలుగా స్టడ్ వెంట నిలువుగా పోతుంది. బాత్రూమ్, కిచెన్ సింక్ వెనక గోడలో పైపులుంటాయి. తలుపు గోడలోకి దూరిపోయే రకం అయితే ఆ గోడని ముట్టుకోకండి. 1978కి ముందు కట్టిన ఇల్లయితే పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, పొడి ఎగరకుండా తడిగుడ్డ పెట్టి పనిచేసి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. అద్దె ఇల్లయితే ఓనర్‌ని ముందే మెసేజ్‌లో అడిగి ఉంచుకోండి, సూది బెజ్జాలకి స్పాకిల్ అనే పూడ్చే పేస్టు పూసి, ఆరాక రుద్దితే కనపడవు గానీ పెద్ద బోల్టు గుంతలకి డిపాజిట్‌లో కోత పెడతారు.

గీతలన్నీ తేలాక, ఏదీ తగిలించకముందే, టేపు ముక్కలు గోడ మీద ఉండగానే కొలత టేపు సాగదీసి పట్టుకుని ఒక ఫొటో తీసుకోండి. ఎడమ మూల నుంచి ప్రతి స్టడ్ ఎంత దూరమో ఫోన్‌లో రాసుకోండి. మా పూజ గోడది 14, 30, 46 అంగుళాలు. పోయిన దసరాకి బొమ్మల కొలువు పైన లైట్ల పట్టీ బిగించాల్సి వచ్చినప్పుడు నేను గోడ తట్టనేలేదు, ఆ మూడు అంకెలు చూసుకుని నేరుగా స్క్రూలు దించేశాను.